ఆదివారం కొట్టేసిన కానుగ

మా పెద్దమ్మ పోయిందని మంగళవారం పొద్దున్న అన్నయ్య ఫోన్ చేశాడు. గుంటూరులో బస్సెక్కి నేను ఊరు చేరేసరికి మా పల్లె ఆడవాళ్లంతా ఆమె చుట్టూ కూర్చుని ఉన్నారు. అందరివీ మిరపకాయలు కోసే చేతులే. మా పెద్దమ్మ నూనె రాయని చెయ్యి వాటిలో ఒక్కటీ లేదు.

ఆమె కూలికి వెళ్లేది. మా పల్లె నుంచి పొలాలకు పోయే డొంకలో పాత కానుగ చెట్టు ఉండేది. దాని కాయలు ఏరి, పప్పు దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె సీసాలకు పట్టేది. కోతల్లో మంటెత్తిన వేళ్లకూ, పిల్లల గజ్జికీ అదే మందు. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే, "చెట్టుకు నేనేమన్నా నీళ్లు పోశానా?" అనేది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పగలు పక్కన పెట్టాలంటారు. నాకు చేతకాదు.

డొంక పక్కనే ఒక ఆసామి మిరప చేను ఉంది. చెట్టు నీడకు తన సాళ్లు ఎదగడం లేదని, ఒక ఆదివారం మేమంతా చర్చిలో ఉండగా రంపం పెట్టించాడు. ఆరాధన అయి వచ్చేసరికి మొద్దు మిగిలింది. పెద్దమ్మ ఏడవలేదు. పాస్టరుగారు "క్షమించెయ్యమ్మా" అంటే, "ఆయన అడిగితే కదయ్యగారూ నేనిచ్చేది" అంది.

రెండేళ్లకు ఆ ఆసామి అరచేతులకు తామర పట్టింది. డాక్టర్ల మందులకు తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచేది. ఒక సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అంతకుముందు ఆమెను 'ఏమే' అని తప్ప పిలవని మనిషి.

"నీ దగ్గర ఇంకా నూనె ఉందంటగామ్మా."

"ఉందండి. ఒక్క సీసా."

"కాస్త ఇప్పించు."

"ఆ మొద్దు పక్కన కానుగ మొక్క నాటండి. మీ కూలోళ్లు కాదు, మీరే. ఎండాకాలం పోయేదాకా బిందెతో నీళ్లు మొయ్యండి. అప్పుడిస్తా."

మర్నాడు పల్లెంతా చూస్తుండగా ఆయన పుండ్లు పడ్డ చేతులతో గుంట తవ్వాడు. "నేనైతే ఆ సీసా ఆయన కళ్ల ముందే మట్టిలో పోసేదాన్ని" అన్నాను. పెద్దమ్మ నవ్వింది.

"అట్ట చేస్తే ఒక్క పూటే ఏడుస్తాడే. ఇట్టయితే వేసవంతా మొయ్యాలి."

ఆ నవ్వులో దయ ఉందని నేను అబద్ధం రాయను. వేసవి గడిచాక మాట ప్రకారం సీసా ఇచ్చింది. ఆయన చేతులు నెమ్మదించాయి. మొక్క నిలబడింది. క్షమించమన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

ఆమెను సమాధి చేసే చోటికి ఆయనా వచ్చాడు. వరుసలో నిలబడి, గుంటలో వెయ్యడానికి పిడికెడు మట్టి తీసుకున్నాడు. నేను అడ్డం వెళ్లాను.

"ముందు అడగండి."

"ఏం అడగాలమ్మా?"

"ఆ ఆదివారం చేసినదానికి."

పాస్టరుగారు కూడా నన్ను ఆపలేదు. వెనకవాళ్లు ఆసామిని దాటుకుంటూ వచ్చి మట్టి వేశారు. గుంట పూడింది. ఆయన అక్కడే, పిడికిలి బిగించుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి మట్టి కొద్దికొద్దిగా ఆయన తెల్ల పంచె మీద రాలుతోంది.