అతని రక్తంలో తేలిన అంకె

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో మత్తు వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఆపరేషన్ అయ్యాక రోగి వెన్నులో సన్నటి గొట్టం ఉంచి, నొప్పి తెలియకుండా మందు ఎక్కించే పద్ధతి మా వార్డుకి కొత్త. ఆ మందు రక్తంలోకి ఎంత చేరుతుందో కొలవడమే నా థీసిస్. అందుకు గంటగంటకీ రక్తం తీయాలి.

ఆ రోజు రోగి కడుపు ఆపరేషన్ అయిన ఒక జాలరి. నేను సిరంజితో రాగానే చెయ్యి చాపేవాడు. ఎందుకని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నాడు, "డాక్టరమ్మా, నాలిక తిమ్మిరెక్కతంది. సెవుల్లో ఏటో గుయ్యిమంతంది."

ఆ మాటలకు అర్థం నాకు బాగా తెలుసు. రక్తంలో మందు ఎక్కువైతే ముందు కనిపించేవి అవేనని పరీక్షల్లో రాసినదాన్ని. కానీ ఇంకో డోసు, మూడు శాంపిళ్లు మిగిలున్నాయి. అంతకుముందు ఇద్దరి శాంపిళ్లు ఫ్రిజ్ చెడి పాడైపోయాయి.

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదా, అందుకే" అని డోసు ఇచ్చేశాను.

కాసేపటికి అతని పెదవి అదిరింది. తర్వాత చెయ్యి కొట్టుకుంది, కళ్లు తేలేశాడు. నేను అలాగే నిలబడిపోయాను. సిస్టర్ పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టి, "ఏటలా సూత్తన్నారమ్మా, ఇంజక్షన్ సెయ్యండి!" అని అరిచింది. అప్పుడు కదిలి ఇంజక్షన్ చేశాను. ఫిట్స్ ఆగాయి. సాయంత్రానికి అతను మామూలుగా మాట్లాడాడు.

బయట ఉన్న అతని భార్యను లోపలికి పిలిచారు. "ఏటైనాదమ్మా ఈయనకి?" అంది.

"నీరసం" అన్నాను. సిస్టర్ నా మొహంలోకి ఒకసారి చూసి, ట్రే తీసుకుని వెళ్లిపోయింది.

అతని భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. "పొద్దుట్నుంచి మా ఆయన్ని ఒగ్గేసి ఎల్నేదు మీరు. సొంత సెల్లెలైనా ఇలా సూడదు."

నేను ఉన్నది రక్తం కోసం.

కొన్ని వారాలకు ల్యాబు నుంచి ఫలితాలొచ్చాయి. అన్నింట్లోకీ పెద్ద అంకె అతనిదే. మా ప్రొఫెసర్ ఆ వరుస మీద వేలు పెట్టి, "ఇతనికి లక్షణాలేమైనా కనిపించాయా?" అని అడిగారు.

"లేవు సార్."

ఆయన సంతకం పెట్టారు. నాకు డిగ్రీ వచ్చింది. నా థీసిస్ ఇంకా కాలేజీ లైబ్రరీలో ఉంది. చదివినవాళ్లు, అంత మందు రక్తంలో చేరినా మనిషికి ఏమీ కాలేదనే నమ్ముతారు.