పొయ్యికింత వాటా

"రోజుకు ఎన్ని కిలోల కట్టెలు కాలుస్తారు?" అని అడిగింది సర్వేకు వచ్చిన అమ్మాయి. మా వీధి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

అది ఆగస్టు ఆరో తేదీ, మంగళవారం, పదకొండు దాటింది. నాకు నవ్వు రాలేదు. ముప్పై నాలుగేళ్లు అంగన్‌వాడీలో పిల్లలను తూచి రిజిస్టరు రాసినదాన్ని. రోజూ పొయ్యిలో పెట్టేదాని తూకం తొమ్మిది ఇళ్లలో ఒక్కరికీ తెలియదంటే సిగ్గేసింది.

"ఒక మోపు తెస్తే మూడు దినాలు వస్తాది," అంది ఒకామె.

"మోపు అంటే ఎన్ని కిలోలమ్మా?"

"మోపంత."

ఆ అమ్మాయి ఒంగోలు వైపు నుంచి వచ్చింది. చేతిలో ట్యాబు, మెడలో ఏదో సంస్థ కార్డు. ఆ సంస్థ కొత్త రకం ఇనప పొయ్యిలు ఉచితంగా ఇస్తుందట. వాటిలో కట్టె తక్కువ కాలుతుంది, పొగ తగ్గుతుంది. తగ్గిన పొగకు ఒక ధర ఉందట. ఎక్కడో ఎక్కువ పొగ వదిలే ఫ్యాక్టరీలవాళ్లు ఆ ధర కట్టి, మా దగ్గర తగ్గినదాన్ని తమ లెక్కలో చూపించుకుంటారట. అందులోంచి ఏడాదికోసారి పొయ్యికింత అని వాటా ఇంటి ఆడమనిషి బ్యాంకు ఖాతాలో పడుతుంది.

"మా పొగ కొంటారా? ఎట్ల తీసుకపోతారు తల్లీ, సంచుల్లోనా?"

"మా అత్త పొయ్యి ముందర కూచుంటే లారీ పొగ లేస్తాది. ముందు ఆమెను రాసుకో."

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఆ తర్వాతి ప్రశ్నతో నవ్వులు ఆగిపోయాయి. "కట్టెలు ఎక్కడి నుంచి తెస్తారు?"

మాది పుల్లలచెరువు మండలంలో నల్లమల అంచు ఊరు. ఊరు దాటి గంట నడిస్తే అడవి. కట్టెలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. కానీ ఆ మాట పైకి అన్నవాళ్లు లేరు. ఫారెస్టువాళ్లు మోపులు దింపించి, గొడ్డళ్లు లాక్కున్న రోజులు అందరికీ గుర్తున్నాయి. కాగితం పట్టుకుని వచ్చిన కొత్త మనిషి కట్టెల సంగతి అడిగితే ఎవరు పంపారో అనే అనుమానం రాకుండా ఉంటుందా?

"కందికట్టె," అంది మొదటి ఇంటామె.

"మాదీ కందికట్టే," అంది రెండో ఇంటామె. అలా తొమ్మిది ఇళ్లూ కందికట్టే అన్నాయి.

కంది మాకు సంక్రాంతి ముందూ వెనకా కోతకు వస్తుంది. ఆ కట్టె ఉగాదికల్లా అయిపోతుంది. ఆగస్టులో ఊరంతా వెతికినా చీపురంత కందికట్టె దొరకదు. ఆ అమ్మాయికి ఇది తెలియదు, రాసుకుపోయింది. నేను పెదవి కదపలేదు. నాకు వంటకు గ్యాసు ఉంది, స్నానానికి నీళ్లు మాత్రం మా చేలో కట్టెతో కాచుకుంటాను. అడవి కట్టె నేనెప్పుడూ తెప్పించుకోలేదు, కాబట్టి ఆ ప్రశ్న నాది కాదు.

చివర్లో ఆ అమ్మాయి ట్యాబు చూసుకుని మొహం చిన్నది చేసుకుంది. అందరూ కందికట్టే కాలుస్తుంటే ఈ ఊరికి పొయ్యిలు రావట. అదేమిటని అడిగాను. కంది కాలిస్తే వచ్చిన పొగను మరుసటి ఏడు కంది మళ్లీ పీల్చుకుంటుందట. నరికిన అడవి చెట్టు అంత త్వరగా తిరిగి రాదు. అందుకని అడవి కట్టె తగ్గిస్తేనే ధర.

నేను రెండుసార్లు వేళ్ల మీద లెక్క వేసి చూసుకున్నాను. తప్పు దొరకలేదు. తప్పు దొరికితే కోపం హాయిగా ఉంటుంది, ఇది అలాంటిది కాదు. లెక్క సరైనదే, కానీ ఆ లెక్క ప్రకారం ఇన్నేళ్లూ అడవిలో ఒక్క కొమ్మ విరవని నాకు సున్నా. విరిచినవాళ్లకు వాటా ఉంది, కానీ విరిచామని వాళ్లు నోటితో చెప్పుకోవాలి, చెబితే ఫారెస్టు కేసు భయం.

ఆ సాయంత్రం ఎదురింటి ఆమె మా అరుగు మీదికి వచ్చింది. నన్ను అక్కా అంటుంది, నాకంటే ఇరవై రెండేళ్లు చిన్నది. భర్త వారమంతా తర్లుపాడు వైపు పలకల పనిలో ఉంటాడు. ఇంట్లో అత్త, ఇద్దరు ఆడపిల్లలు. మూడు రోజులకొక మోపు ఈమే తెస్తుంది. రెండేళ్లుగా మోకాలు వాచి ఉంటోంది. ఒకసారి దొరికిపోయింది కూడా. గొడ్డలి లాక్కుని, ఇంకోసారి కనబడితే కేసు పెడతామన్నారు. గ్యాసు కనెక్షను ఉంది, కానీ అది అత్త పేరు మీద. రేషన్ కార్డు ఈమె పేరు మీద. రెండూ కలవవని గ్యాసుకు సర్కారు ఇచ్చే డబ్బు ఎవరి ఖాతాలోనూ పడదు. ఖాళీ సిలిండరు మీద ఊరగాయ జాడీ పెట్టుకుంది.

"అక్కా, ఆ వాటా వస్తే సిలిండరు నింపుకుంటా. అడివికి పోయే పని సగం తగ్గుతాది. ఎట్లన్నా నా పేరు ఎక్కేటట్టు చూడు. అడివి సంగతి మటుకు బయటికి రాకూడదు."

రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అడిగితే, "చదువుకున్నదానివి, నువ్వే చూడు" అనేసి వెళ్లింది.

సంస్థ కూడా ఊరిని అంత తేలిగ్గా వదలలేదు. ఒక వారం తూచిన లెక్క ఉంటే మళ్లీ చూస్తామని ఆ అమ్మాయి ఫోను చేసింది. నా దగ్గర పిల్లలను తూచిన పాత స్ప్రింగు కాటా ఉంది. కొత్త మిషన్లు వచ్చినప్పుడు పారేస్తుంటే కాగితం పెట్టి అడిగి తెచ్చుకున్నాను. తూచడానికి ఒప్పుకున్నది ఎదురింటామె ఒక్కతే. మిగతావాళ్లు నేను కాటా పట్టుకుని కనబడితే తలుపు దగ్గరికి వేశారు. ఇరవై ఏళ్ల పాటు వాళ్ల పిల్లలను ఆ కాటాకే వేలాడదీసిన చేతులివి.

ఆ కాటా ఇరవై అయిదు కిలోల దగ్గర ఆగిపోతుంది. మోపు విప్పి రెండు భాగాలు చేసి తూచాం. ఒకటి పదిహేడు, ఒకటి పద్నాలుగు. అంతా చిరుమాను, చండ్ర. చూస్తేనే తెలుస్తుంది అది అడవి కట్టె అని.

పద్నాలుగో తేదీ బుధవారం ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ముందు నేనే అడిగాను, ఈ వివరాలు ఎవరు చూస్తారని.

"వెబ్‌సైట్‌లో పెడతామమ్మా. ఇంటి ఫొటో, మ్యాపులో చోటు అన్నీ ఉంటాయి. డబ్బు కట్టేవాళ్లు నమ్మాలి కదా."

"ఫారెస్టువాళ్లు కూడా చూడొచ్చా?"

"ఎవరైనా చూడొచ్చు."

అప్పుడు నేను జీవితంలో చేయని పని చేశాను. ఎదురింటి తూకం రాసుకున్న పుస్తకం తెరిచి, మోపు బరువు పద్నాలుగు కిలోలు, చేను గట్టు మీద కంప, అని చదివాను. వాటా పోతే పోనీ, కేసు లేకుండా బయటపడుతుందని నా ఉద్దేశం.

తన గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఎదురింటామె చేట కింద పెట్టింది.

"పద్నాలుగా? అక్కా, పద్నాలుగు కిలోలు మా చిన్నది మోస్తాది. నాది ముప్పై ఒకటి. నువ్వే గదా తూచినావు!"

"నువ్వు ఊరుకో."

"ఎందుకు ఊరుకోవాల? గట్టు మీద కంప అంట! చిరుమాను ఏ గట్టు మీద మొలుస్తాదో చూపీ. రెండు కొండలు ఎక్కి దిగి తెస్తి. ఈ వీధిలో నా మోపంత మోపు ఎవరు దించినారో చెప్పమను."

ఆ అమ్మాయి వేళ్లు ట్యాబు మీద పరుగెత్తాయి. ముప్పై ఒకటి. అడవి. పేరు. ఆధార్. పొయ్యి దగ్గర ఫొటో.

ఆ అమ్మాయి వెళ్లాక నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఎదురింటామె అన్నీ విని, చేట ఎత్తుకుని, "ఇన్నేండ్లు ఒక్క తప్పు లెక్క రాయలేదంటివి. నా మోపు కాడే నేర్చుకున్నావా?" అంది.

ఊరంతటిలో ఆమె ఒక్కదానికే పొయ్యి వచ్చింది. నోరు చిన్నది. జానెడు ముక్కలు చేస్తేనే కట్టె లోపలికి పోతుంది. అన్నానికి అది, స్నానాల నీళ్లకు పాత మూడు రాళ్లు. కొన్నాళ్లు నేను జీపు చప్పుడు వినబడితే చాలు, లేచి వీధిలోకి చూసేదాన్ని. ఫారెస్టువాళ్లు ఎవరూ రాలేదు. అందరూ చూడొచ్చన్న ఆ వెబ్‌సైటు ఎవరూ చూసినట్టు లేదు.

వాటా పదమూడు నెలలకు పడింది. ఆరు వందల ఎనభై రూపాయలు. సిలిండరుకు ఇంకా రెండు వందలకు పైగా తక్కువ. అది ఆమె వేసుకుంది. నన్ను ఇవ్వనివ్వలేదు. జాడీ పక్కన పెట్టి సిలిండరు బిగించిన రోజు వీధివాళ్లందరూ వచ్చి చూశారు. కందికట్టె అన్నవాళ్లు నన్ను ముప్పుతిప్పలు పెట్టారు. "మాదీ తూచు, మాదీ అడివి కట్టే" అని వరుస కట్టారు. ఒకామె పచ్చి కట్టె తెచ్చింది. ఇంకొకామె మోపులో రాయి దొరికింది. సర్వే ముగిసి ఏడాది దాటిందని ఎంత చెప్పినా, "ఆమెకు ఒక్కదానికే ఎందుకు చేసినావు?" అని నన్నే నిలదీశారు.

నవంబరులో ఆ అమ్మాయి తనిఖీకి వచ్చింది. ఎదురింట్లోకి తొంగి చూసి ఆగిపోయింది.

"గ్యాస్ వాడుతున్నారా?"

"మీరిచ్చిన దుడ్లతోనే నింపినా తల్లీ," అంది ఎదురింటామె సంబరంగా.

ఆ అమ్మాయి ట్యాబులో ఏదో నొక్కింది. గ్యాసు వాడే ఇల్లు కట్టెల లెక్కలోకి రాదట. ఈ ఏడాది నుంచి వాటా ఉండదు.

"అంటే నేను అడివికి పోకపోతే నాకు దుడ్లు లేవు. పోతే ఇస్తారు. అంతేనా?"

"పోవాలని కాదమ్మా, రూలు అలా ఉంది."

నేను ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అడిగాను. పొగ ఎక్కువ వదిలేచోట, బొగ్గు దగ్గర, డీజిలు దగ్గర ధర వేసి, వచ్చిన డబ్బు ఇంటింటికీ సమానంగా పంచితే ఈ తూకాలన్నీ ఎందుకు? ఎవరి కట్టె ఎక్కడిదని అడగక్కర్లేదు. తక్కువ కాల్చినవాళ్లకు మిగులుతుంది, ఎక్కువ కాల్చినవాళ్లు కట్టుకుంటారు. డీజిలు పెరిగిన ప్రతిసారీ మార్కాపురం బస్సుకు ఎక్కువ ఇచ్చినదాన్నే. ధర కట్టడం నాకు కొత్త కాదు, పంచడమే ఎవరూ మొదలుపెట్టలేదు.

"కొన్ని దేశాల్లో అలా పంచారని మా ట్రైనింగులో చెప్పారమ్మా."

"మరి ఇక్కడ?"

"నాకు రోజుకు పన్నెండు ఇళ్లు టార్గెట్టు," అని లేచింది. ఆ పిల్ల మీద అరిచి ప్రయోజనం లేదని తెలిసీ వీధి మలుపుదాకా వెంటపడి ఇంకో రెండు మాటలు అన్నాను.

పొదుపుగా వాడితే సిలిండరు యాభై మూడు రోజులు వచ్చింది. రెండోది నింపడానికి డబ్బు కూడలేదు. నేనిస్తానంటే ఈసారీ వద్దంది. యాభై నాలుగో రోజు తెల్లవారకముందే తల మీద చుట్టకుదురు పెట్టుకుని, మిగతా ఆడవాళ్లతో కలిసి అడవి దారి పట్టింది. పన్నెండు గంటలకు మోపు దించి, మోకాలు పట్టుకుని గుమ్మంలో కూలబడింది. కాసేపటికి నా వైపు చూసి కేక వేసింది.

"అక్కా, నీ కందికట్టె అయిపోయినట్టుందే. నీళ్లకు నాలుగు కట్టెలు పడేయనా?"

మా చేలో కట్టె అయిపోలేదు, ఇంకా రెండు కట్టలు ఉన్నాయి. పడెయ్యమన్నాను.