అయిదడుగుల సున్నా

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి రోజులేం కావు. ఫోన్లో వీడియో చూస్తే గుండె ఆపరేషన్ తప్ప ఏ పనైనా వచ్చేస్తుందని నేను గట్టిగా నమ్మిన రోజులు. (ఆపరేషన్ కూడా, ఎవరైనా కాస్త వివరంగా వీడియో పెట్టి ఉంటే ఆలోచించేదాన్నేమో.) నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చింది, హైదరాబాదులో దొరికిన ఉద్యోగం నాలుగు నెలల్లో చేజారింది, నంద్యాలలో మా నాయన నడిపే చెక్కపని షాపులో వచ్చి తేలాను. ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు చేసే షాపు అది. నాయన కాక అందులో ఉన్న మరో మనిషి జాన మేస్త్రి. టేపు జేబులోనే ఉన్నా ఏ చెక్కనైనా ముందు జానతో కొలిచి చూసుకుంటాడు కాబట్టి ఆయనకా పేరు. జానకీ టేపుకీ తేడా వస్తే టేపు మార్చమనేవాడు.

షాపులో ఒక రూటర్ మిషను ఉండేది. రెండు చేతులతో పట్టుకునే చిన్న యంత్రం. దాని అడుగున పదునైన బిట్టు గిర్రున తిరుగుతూ చెక్కను కోస్తుంది. తలుపుల అంచులకు డిజైను వెయ్యడానికి తప్ప దాన్నెవరూ ముట్టేవారు కాదు. దాంతో వెంట్రుకవాసి తేడా రాకుండా గుండ్రాలు కొయ్యొచ్చని నేను వీడియోల్లో కనిపెట్టాను. ఒక ప్లైవుడ్ పట్టీకి ఒక చివర మిషను బిగించాలి, రెండో చివర మేకు దిగ్గొట్టాలి, ఇక మేకు చుట్టూ మిషన్ను తిప్పుకుంటూ పోవడమే. బళ్ళో వాడిన కంపాసు లాంటిదే, కాకపోతే పెన్సిలున్న చోట కత్తి. దాన్ని జిగ్గు అంటారని మేస్త్రికి వివరంగా చెప్పాను.

"జిగ్గో సిగ్గో, ముందు ఆ పొట్టు ఊడ్సు అమ్మీ," అన్నాడాయన.

సరిగ్గా ఆ వారంలోనే ఆళ్ళగడ్డ నుంచి ఒక చర్చి అయ్యగారు మా షాపుకొచ్చారు. మంచినీళ్ళు తాగి, చుట్టూ చూసి, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి తన కష్టం చెప్పుకున్నారు. సంఘం కమిటీలో ఆయనతో కలిపి ఏడుగురు పెద్దలు. వాళ్ళు కూర్చునే టేబులు పొడుగుది. "పొడుగు టేబులుకు రెండు కొసలుంటాయి గదప్పా. ఒక కొసన నేను కూర్చుంటా. రెండో కొస యెవురిదని కొట్లాట. హెడ్మాస్టరు సారు నాదంటాడు, ఎరువులంగడాయన నాదంటాడు. నాలుగు నెల్లాయె, కమిటీ కూర్చోల్యా. పైన కప్పు కారతాండాది, బాగుజేపిచ్చాలంటే కమిటీ ఒప్పుకోవాల. మొన్న వానకు పాటలు పాడేటోళ్ళు గొడుగులేసుకోని పాడినారు."

అందుకని ఆయనకు గుండ్రటి టేబులు కావాలి. అయిదడుగులది. గుండ్రానికి కొసలుండవు కాబట్టి కొట్లాట ఉండదని ఆయన ఆశ. (పాపం, దైవసేవలో ఉన్న మనిషి కదా, మనుషుల మీద నమ్మకం ఎక్కువ.) చెక్క కూడా ఆయనే పంపిస్తారు. పాత చర్చి పడగొట్టినప్పుడు దాచిపెట్టిన టేకు బెంచీల పలకలు. "మా తాతలు కూర్చున్న చెక్కమ్మా. ఇంతే ఉండాది. చెడిపోతే ఇంగొకటి ల్యా," అని నా వైపు చూసి చెప్పారు. నా ముఖంలో ఆయనకేం కనిపించిందో.

మేస్త్రి జాన వేసి చూసి, దారంతో గీసుకుని రంపంతో కోసి ఆకురాయితో అరగదియ్యడానికి రెండు రోజులన్నాడు. నేను అరగంటన్నాను. ఎక్కడ కొలిచినా ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అడగమన్నాను. తొడగొట్టడం ఒక్కటే తక్కువ. నాయన చేతిలో పని ఆపి, "తప్పితేనో?" అన్నాడు.

"తప్పితే నువ్వు తెస్తాండావే ప్యాపిలి సంబంధం, దానికి నోరెత్తకుండా పెండ్లిచూపులకు కూర్చుంటా. తప్పకపోతే ఇంగ ఈ జన్మలో నాకు సంబంధాలు తేగూడదు. ఈ షాపులోనే ఉంటా."

నాయన కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూశాకైనా నాకు అనుమానం రావలసింది.

పాత ప్లైవుడ్ ముక్కల మీద మూడు గుండ్రాలు కోశాను. మూడూ చందమామల్లా వచ్చాయి. దాంతో నాకు పట్టపగ్గాల్లేవు. టేకు పలకలన్నీ అతికించి పెద్ద చదరం తయారుచేశాం. మేకు గుర్తు పైకి కనపడకుండా దాన్ని బోర్లా తిప్పి, నాలుగు కాళ్ళ బల్ల మీద పెట్టి బిగించాం. కోసే రోజు అయ్యగారికి ఫోన్ చేసి, ఎవరైనా వచ్చి చూడదలుచుకుంటే రమ్మన్నాను. (ఇది నాకెవరూ చెప్పని తెలివి. సొంతంగా చేశాను.) అయ్యగారు రాలేదు. ఆయన బదులు హెడ్మాస్టరు సారు బస్సులో దిగాడు. పది నిమిషాలకు ఎరువులంగడాయన మోటారు సైకిలు మీద దిగాడు. రెండోవాడి సీటు దగ్గర టేబులు ఎక్కువ రాకుండా చూసుకోవడానికి ఇద్దరూ విడివిడిగా వచ్చారని అర్థమైంది. బల్లకు ఆ పక్కనొకరు, ఈ పక్కనొకరు నిలబడ్డారు.

చెక్క మందం ఒకటింబావు అంగుళం. ఒక్కసారే అంత లోతు కోస్తే బిట్టు మాడిపోతుంది కాబట్టి, కొంచెం కొంచెం లోతు దించుకుంటూ అయిదు చుట్లు తిరగాలి. నాలుగు చుట్లు బంగారంలా తిరిగాను. ప్రతి చుట్టుకూ కరెంటు వైరు నాతోపాటే బల్ల చుట్టూ తిరిగి చుట్టుకునేది, నేను ఆగి దాన్ని విప్పుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. నాలుగో చుట్టు అయ్యాక హెడ్మాస్టరు సారు, "ఆడపిల్లవైనా బాగా చేస్తాండావు," అన్నాడు. దానికో జవాబు మనసులో తయారుచేసుకుంటూ వైరు విప్పడం మరిచిపోయి అయిదో చుట్టు మొదలుపెట్టాను. ముప్పావు చుట్టు తిరిగేసరికి వైరు బిగిసింది. నేను కాలెత్తి దాన్ని దాటబోయాను. వైరు నా చున్నీని పట్టుకుంది. నేను చున్నీని లాగాను, చున్నీ నన్ను లాగింది, నేను మిషన్ను లాగాను, మేకు టప్పుమని ఊడొచ్చింది. ఇంకేముంది, దారి తప్పిన మిషను బుర్రుమంటూ చెక్క లోపలికి దూరింది.

నాయన పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. గుండ్రం అంచున ఎవరో చపాతీని కొరికినట్టు అంగుళంన్నర లోతు నొక్కు.

ముందుగా తేరుకున్నది హెడ్మాస్టరు సారే. "ఈ నొక్కు యెవురి ముందర వస్తాది?" అన్నాడు.

ఎరువులంగడాయన సారును పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మీ ముందరే పెడదాం సార్. మీ పొట్టకు అచ్చు సరిపోతాది," అన్నాడు.

ఆ తర్వాత అయిదు నిమిషాలు వాళ్ళిద్దరూ అనుకున్న మాటలు చర్చి పెద్దలు అనుకోదగినవి కావు కాబట్టి వదిలేస్తున్నాను. నాకు నవ్వొచ్చింది, నవ్వుతోనే ఏడుపొచ్చింది, బల్ల కిందికి దూరి వైరు విప్పుతున్నట్టు నటిస్తూ రెండూ కానిచ్చాను. వాళ్ళ తాతలు కూర్చున్న చెక్క. ఇంకొకటి లేదు. నాయన తిట్టినా బాగుండేది. ఆయన వచ్చి ఆ నొక్కును వేలితో తడిమి, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ప్యాపిలి సంబంధం మాట కూడా ఎత్తలేదు. అదే నన్ను చంపేసింది.

జాన మేస్త్రి మాత్రం వంగి నొక్కు లోతును బొటనవేలితో కొలిచాడు. తర్వాత బల్ల కిందికి తొంగి చూశాడు.

"బయటికి రా అమ్మీ. సున్నా యాడికీ పోల్యా. కొంచెం లోపల ఉండాది, అంతే. అయిదడుగులది పోయి నాలుగుముప్పావు అయితాది. మళ్ళా కొయ్."

"నా వల్ల కాదు మేస్త్రీ. నువ్వే కొయ్యి."

"నాది రెండ్రోజుల పని. నీది అరగంట అంటివే? ఆ జిగ్గు నాకు రాదు. లెయ్."

లేచాను. మేకు బదులు లావుపాటి స్క్రూ బిగించాను. పట్టీకి అంగుళంన్నర లోపలగా ఇంకో రంధ్రం వేశాను. చున్నీ తీసి నాయన ఒళ్ళో పడేశాను. ఇక మిగిలింది వైరు. దాన్ని ఎత్తి పట్టుకుని నా వెనకాలే తిరగడానికి మనిషి కావాలి. మేస్త్రి, నాయన చెరో పక్కన చెక్కను అదిమి పట్టుకోవాలి. ఖాళీగా ఉన్నది ఇద్దరే. మేస్త్రి ఒక పొడుగు కట్టెకు వైరు కట్టి, వాళ్ళ వైపు తిరిగి, "సారూ, ఈ కట్టె ఇద్దరూ చెరో కొస బట్టుకోని పాప ఎంట నడుసుండ్రి," అన్నాడు.

ఇద్దరూ కట్టె పట్టుకున్నారు. పట్టుకున్నాక, ముందు కొస నాదంటే నాదని మళ్ళీ మొదలైంది.

మేస్త్రికి ఓపిక చచ్చింది. "గుండ్రంగా తిరిగేదాంట్లో ముందేంది, ఎనకేంది సారూ! నడుసుండ్రి బేగా!" అని ఒక్క అరుపు అరిచాడు. హెడ్మాస్టరు సారును అలా గదమాయించినవాడు ముప్పై ఏళ్ళ సర్వీసులో లేడనుకుంటాను. సారు నోరు మూసుకుని నడిచాడు.

అలా అయిదు చుట్లు తిరిగాం. ముందు నేను, నా వెనక ఇద్దరు పెద్దమనుషులు నెత్తి మీద కట్టె ఎత్తి పట్టుకుని, ఊరేగింపులో దేవుడికి గొడుగు పట్టినట్టు. ప్రతి చుట్టు తర్వాత ముగ్గురం ఆగి, వెనక్కి ఒక ప్రదక్షిణం చేసి వైరు సరిచేసుకునేవాళ్ళం. మూడో చుట్టుకు వీధిలో పోయేవాళ్ళు ఆగి చూడసాగారు. ఎవరో సెల్‌ఫోన్ తీశారు. నేను మాత్రం బిట్టు చివర తప్ప ఇంకేదీ చూడలేదు. అయిదో చుట్టు మొదలైన చోటే వచ్చి కలిసింది, కలిసినట్టు చెయ్యికి తెలిసింది, బయటి ముక్కలు టకటకా కింద పడ్డాయి.

హెడ్మాస్టరు సారు టేపు లాక్కుని ఎనిమిది వైపుల నుంచి కొలిచాడు. ఎక్కడా తేడా లేదు. ఆయన కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు. ఎరువులంగడాయన టేపు తీసుకుని సారు కొలతల్ని మళ్ళీ కొలిచాడు.

కాళ్ళు బిగించి, పాలిష్ పట్టి, చిన్న లారీలో ఆళ్ళగడ్డకు తీసుకెళ్ళి దించాం. అయ్యగారు టేబులు చుట్టూ చేత్తో తడుముకుంటూ తిరిగి, "చిన్నదైనట్టుందే?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఎరువులంగడాయన, "దగ్గర దగ్గర కూర్చుంటే ప్రేమ పెరుగుతాదని మేమే తగ్గిచ్చమన్యాం అయ్యగారూ," అన్నాడు. హెడ్మాస్టరు సారు తలూపాడు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం ఆ చర్చి చరిత్రలో అదే మొదటిసారని అయ్యగారు తర్వాత నాతో అన్నారు. (అది అబద్ధం మీద నిలబడటమని ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. క్షమించాలి.) ఏడు కుర్చీలు మోచేతులు తగులుకునేలా పట్టాయి. ఆ తర్వాత ఫ్యాను కింది సీటు ఎవరిదని కొట్లాట వచ్చిందట గానీ, కమిటీ కూర్చుంది, కప్పు బాగుపడింది.

నాయనకిచ్చిన మాట మాటే. మిల్లీమీటరు కాదు, అంగుళంన్నర తప్పాను కాబట్టి నోరెత్తకుండా కూర్చున్నాను. ప్యాపిలి నుంచి అబ్బాయి, వాళ్ళమ్మ వచ్చారు. అబ్బాయి నా చేతులకేసి చూసి, "మిషను నువ్వే ఆడిస్తావంట గదా?" అన్నాడు. అవునన్నాను. వాళ్ళమ్మ వైపు చూసి, "మా యమ్మకు రొట్టెలు చేసే పీట ఒకటి గుండ్రంగా చేసిస్తావా? యాడ జూసినా వంకరే దొరుకుతాండాయి," అన్నాడు. వాళ్ళమ్మ కొలత కూడా చెప్పింది. పెళ్ళి కుదరలేదు. పీట మాత్రం చేసిచ్చాను, ఆమె ఊరంతా చూపించినట్టుంది, ఆ ఏడాదిలో ప్యాపిలికే పదకొండు పీటలు చేశాను. పదకొండో పీట పంపిన రోజు నాయన షాపు తాళంచెవి ఒకటి ఎక్కువ చేయించి, నా ముందు పెట్టి భోజనానికి వెళ్ళాడు.

ఇప్పుడు నేను ఏ గుండ్రం కొయ్యాలన్నా అయిదుసార్లు కొలుస్తాను, స్క్రూ రెండుసార్లు బిగిస్తాను, పని అయ్యేదాకా ఎవరికీ చెప్పను. కోత తప్పి చాలా కాలమైంది. ఒక్కసారి కొలిచి, పక్కూరి మనుషుల్ని పిలిచి, వాళ్ళ తాతల చెక్క మీద కత్తి పెట్టిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల ఇవాళ నా షాపు మెట్లెక్కి పనిమ్మంటే కసిదీరా నాలుగు తిట్లు తిడతాను. తిట్టి, పనిలో పెట్టుకుంటాను. కొయ్యడం నేను నేర్పగలను. ఆ పొగరు మాత్రం కాస్త తనే నాకు మళ్ళీ నేర్పాలి.