దాదీ పెట్టెలో తెల్లబట్ట

అలిపిరి దగ్గర కర్పూరం వాసన తగిలితే అందరికీ కొండ గుర్తొస్తుంది. నాకు మాత్రం చిత్తూరులో మా దాదీ, అంటే మా నాయనమ్మ, ట్రంకుపెట్టె గుర్తొస్తుంది.

చిన్నప్పుడు ఒకరోజు టీవీలో ఈజిప్టు మమ్మీని చూపించి, దాని గుడ్డ విప్పినవాళ్లు బతకరని చెప్పారు. మరునాడే దాదీ పెట్టెలోంచి ఒక తెల్లటి బట్టచుట్ట తీసి, ఎండకు వేయాలని మిద్దె మీదికి తెచ్చింది. కర్పూరం వాసన గుప్పుమంది. ఆమె ముడి విప్పబోతుంటే చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఇప్పొద్దు దాదీ, సచ్చిపోతావు."

"సావకుండా యాడికి పోతాను బేటా," అంటూ ఆమె నవ్వి, మడతలన్నీ పరిచింది. "సూడు, దీంట్లో ఎవురుండారు? మక్కాకు పోయినప్పుడు నాకని తెచ్చుకున్నాను."

లోపల ఎవరూ లేకపోయేసరికి నా భయం రెట్టింపైంది. మమ్మీ లేచి మా ఇంట్లోకి వెళ్లిపోయిందనుకున్నాను.

అది చనిపోయాక తనకు చుట్టడానికి దాదీ ముందే దాచుకున్న కఫన్ అని, ఆమె పోయిన రోజున తెలిసింది. చిన్నప్పటి ఆ సాయంత్రం మాత్రం, ఆ బట్టలో ఉండాల్సిన మనిషి కోసం ఇల్లంతా వెతికాను, దాదీ కొంగు వదలకుండా.