లిస్టు కోసం ఆరుగురు

మా అమ్మాయి ఫుట్‌బాల్ తనంతట తానే మానేసిందని రాయగడలో ఎవరిని అడిగినా చెబుతారు. పద్దెనిమిది దాటితే ఆడపిల్లలకు ఆట మీద ధ్యాస పోతుందని కోచ్ చెబుతాడు. పిల్ల బుద్ధిగా డిగ్రీలో చేరింది, మంచిదే అయిందని మా అక్క చెబుతుంది. సునాబెడ ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన కూడా, క్వార్టర్స్‌లో ఎవరైనా అడిగితే, దానికే ఇష్టం తగ్గిందండీ అని ఒక్క ముక్కలో తేల్చేసి పేపరు తిరగేస్తాడు. ఇంతమంది ఒకే మాట మీద ఉన్నారంటే ఆ మాట అందరికీ సౌకర్యంగా ఉందని అర్థం, నిజమని కాదు. మానేయాలంటే ముందు ఆడాలి కదా. ఆరేళ్ళు క్లబ్బులో ఉండి, అందులో రెండేళ్ళు పెద్ద టీము జెర్సీ తొడుక్కుని, ఆ టీము ఆడిన ఒక్క మ్యాచిలో ఒక్క నిమిషమైనా సున్నపు గీత దాటి లోపలికి వెళ్ళని పిల్ల ఏం మానేసినట్టు?

నాకు నోరెక్కువని మా వాళ్ళందరూ అంటారు. నిజమే. కానీ ఈ విషయంలో నోరు తెరవాల్సినప్పుడు తెరవలేదు. అది చెప్పడానికే ఇదంతా.

మేముండేది ఒడిశాలో, సునాబెడలో. నేను రోజూ బస్సులో కోరాపుట్ వెళ్ళి ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు రాయగడలో ఒక క్లబ్బు ఆడపిల్లలకు అకాడమీ పెట్టింది. ఆ క్లబ్బుకు అప్పటికే ఆడవాళ్ళ పెద్ద టీము ఉంది. చలికాలంలో చుట్టుపక్కల ఊళ్ళలో జరిగే కప్పులన్నీ ఆడుతుంది, చాలావరకు బయట రాష్ట్రాల నుంచి పిలిపించిన ఆటగత్తెలతో. పిల్లల్ని ఎంపిక చేసిన రోజున క్లబ్బు సెక్రటరీ మైకు పట్టుకుని ఒడియాలో ఒక గొప్ప మాట చెప్పాడు. ఇక మనకు బయటివాళ్ళ అవసరం ఉండదు, నాలుగైదేళ్ళలో ఈ పిల్లలే మన పెద్ద టీము అన్నాడు. నేను ఊరికే చప్పట్లు కొట్టే మనిషిని కాను. ఆ రోజు అరచేతులు మండేలా కొట్టాను.

పిల్లను రాయగడలో మా అక్క ఇంట్లో ఉంచి అక్కడే బడిలో చేర్పించాం. నేను శనివారాలు రైల్లో వెళ్ళేదాన్ని. అక్కకు ఆట సంగతి ఏమీ తెలియదు. ఎర్రమట్టి సంగతి మాత్రం బాగా తెలిసింది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఫిర్యాదు మొదలయ్యేది.

"మీ అమ్మి మేజోళ్ళు గోడ మీద ఆరేస్తే మా ఈధి కుక్కలు కూడా దూరంగా ఎల్తన్నాయే. ఇది ఆటా, దుక్కి దున్నుడా?"

అంటూనే ఆ మేజోళ్ళు తనే ఉతికేది. పొద్దున్నే దాని సంచిలో రెండు ఉడకబెట్టిన గుడ్లు పెట్టేది. వాళ్ళింట్లో గుడ్డు వండరు. పెరట్లో వేరే పొయ్యి పెట్టించింది.

పిల్ల ఆట గురించి నేను గొప్పలు చెప్పను. తల్లి చెబితే ఎవరూ నమ్మరు కూడా. ఎడమ కాలుతో కొడుతుంది, బంతిని కాలి దగ్గర ఎక్కువసేపు ఉంచుకోదు, పక్కనున్నదాన్ని చూసి ఇచ్చేస్తుంది. అకాడమీ పిల్లల మధ్య జరిగే పోటీల్లో నాలుగేళ్ళు వరసగా ఆడింది. పదహారు నిండాక ఒకరోజు కోచ్ ఫోన్ చేసి పిల్లను పెద్ద టీములోకి తీసుకుంటున్నామని, నివాస ధ్రువపత్రం ఒకటి కావాలని చెప్పాడు. కప్పుల్లో లోకల్ ప్లేయర్ల కింద పేరు రాయాలట. రాయగడ విడిపోకముందు ఉన్న పాత కోరాపుట్ జిల్లాలో ఎక్కడి వాళ్ళయినా లోకలేనట.

లోకల్ అన్న మాట ఎలాంటిదో ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు వాళ్ళకు చెప్పక్కరలేదు. మా ముత్తాత విజయనగరం వైపు నుంచి ఇక్కడి ఎస్టేటు కచేరీలో ఉత్తరాలు రాసే గుమాస్తాగా వచ్చాడు. నాలుగు తరాలు అయింది. ఇప్పటికీ సంతలో కుందుర నుంచి కూరలు తెచ్చే ఆవిడ నన్ను ఆంధ్రా అమ్మా అని పిలుస్తుంది. పెళ్ళికని బొబ్బిలి వెళితే అక్కడ మా చుట్టాలు ఒరిస్సా వాళ్ళొచ్చేరు అని ఆకులు వేస్తారు. అలాంటి నాకు, మా పిల్ల ఈ నేల పిల్ల అని ఒక క్లబ్బు రాసుకుంటానంటే కాళ్ళు నేల మీద నిలిచాయా?

తహసీల్ ఆఫీసులో గుమాస్తా తాతల నాటి భూమి కాగితం అడిగాడు. మేం భూమి కొన్న వాళ్ళం కాదు, ఇక్కడి భూముల ఉత్తరాలు రాసిన వాళ్ళం అన్నాను. అతను నవ్వలేదు. మూడు సార్లు తిరిగాను. మూడోసారి, నా ఒడియాలో తప్పుంటే చూపించండి, నేనిక్కడి దాన్ని కాదని అప్పుడు ఒప్పుకుంటాను అని బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సాయంత్రానికి సంతకం పెట్టాడు. ఆ పత్రం మీద మా అమ్మాయి ఈ జిల్లా నివాసి అని రాసి ముద్ర వేశారు. మా వంశంలో ఎవరికీ ఎవరూ అంత సూటిగా రాసివ్వలేదు. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, జెరాక్సులు తీయించి, రైలెక్కి స్వయంగా తీసుకెళ్ళి కోచ్ చేతిలో పెట్టాను. అక్క వీధిలో అందరికీ లడ్డూలు పంచింది.

ఇంకొకరైతే అడిగేవారు: ఆడటానికి కాళ్ళు చాలవా, ఈ కాగితం దేనికి అని. పప్పు కొనేటప్పుడు కూడా పది ప్రశ్నలు వేసే నేను ఆ ఒక్కటీ అడగలేదు. మమ్మల్ని లోకల్ అన్నారన్న సంబరం నా నోరు మూసింది. అది నేను చేసిన తప్పు. ఇలాంటి తప్పు మాలాంటి వాళ్ళే చేస్తారు.

ఆ చలికాలం కప్పులు మొదలయ్యాయి. ప్రతి మ్యాచికీ పద్దెనిమిది పేర్ల లిస్టులో మా అమ్మాయి పేరు ఉండేది. మైకులో చదివేవాళ్ళు. చదివాక మా అమ్మాయీ ఇంకో అయిదుగురు లోకల్ పిల్లలూ బల్ల మీద కూర్చునేవాళ్ళు. లోపల ఆడే పదకొండు మందిలో పది మంది రెండు రోజుల ముందు రైలు దిగినవాళ్ళు. గోల్ కీపరు ఒక్కత్తే ఊరిపిల్ల, ఆమె కూడా సెక్రటరీకి అన్న కూతురు. మొదటి ఏడాది నేను ఓపిక పట్టాను. పిల్ల చిన్నది, నేర్చుకుంటోంది అనుకున్నాను. రెండో ఏడాది సాకులు లెక్కపెట్టడం నేర్చుకున్నాను. స్కోరు సమానంగా ఉంటే, ఇప్పుడు కొత్తపిల్లను దింపితే ప్రమాదం. వెనకబడి ఉంటే, ఇప్పుడా ప్రయోగాలు? ఇక మిగిలింది ముందుండటం. దాని కోసం ఎదురుచూశాను.

ఆ ఏడాది బయటి నుంచి వచ్చిన వాళ్ళలో ఒక అమ్మాయిని అక్క ఇంట్లో ఉంచమని క్లబ్బు వాళ్ళు అడిగారు. రాంచీ అవతల ఏదో ఊరు. మా పిల్ల కంటే రెండేళ్ళు పెద్దది. మా పిల్ల ఆడే చోటే ఆడుతుంది, ఎడమ వైపు. నెమ్మదస్తురాలు. అక్క చేసిన ముద్దపప్పు మూడుసార్లు వేయించుకుని తినేది. అక్క మురిసిపోయి మా పిల్ల మంచం దానికిప్పించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను దాన్ని హిందీలో అడిగాను, మీ ఊళ్ళో క్లబ్బు లేదా, ఇంత దూరం ఎందుకొస్తావని. ఉందట. ఆ క్లబ్బుకీ అకాడమీ ఉందట. అందులోనే ఎనిమిదేళ్ళు నేర్చుకుందట. కానీ కప్పుల సమయంలో వాళ్ళ క్లబ్బు వేరే చోట నుంచి ఆటగత్తెలను తెస్తుంది, దీన్ని బల్ల మీద కూర్చోబెడుతుంది. ఆడాలంటే ఇలా పరాయి ఊళ్ళకు రావాల్సిందే ఆంటీ అంది. చెప్పి, ఇంకొంచెం నెయ్యి ఉందా అని అడిగింది.

నెయ్యి గిన్నె దాని ముందుకు జరిపాను. అయితే మా పిల్లనూ ఎక్కడికైనా తీసుకెళ్ళరా అని అడిగాను. ఆడిన వీడియో ఏమైనా ఉంటే పంపమంది, తనను ఇలా ఊళ్ళకు పిలిచేవాళ్ళకు చూపిస్తానంది. పెద్ద మ్యాచిలో ఆడిన వీడియో. అది ఎక్కడుంది?

సెమీ ఫైనల్ రాయగడలోనే జరిగింది. మధ్యాహ్నం ఎండలో. పదిహేను నిమిషాలుందనగా మనవాళ్ళు మూడు గోల్స్ ముందున్నారు. మా అమ్మాయి అడక్కుండానే లేచి గీత పక్కన అటూ ఇటూ పరిగెత్తడం మొదలుపెట్టింది. కోచ్ దాన్ని చూసి కూర్చోమని చెయ్యి ఊపాడు. అది కూర్చుంది. నేను లేచాను. తాడు కిందుగా దూరి ఆయన దగ్గరికి వెళ్ళాను. కోచ్ మనూరి తెలుగువాడే, మునిసిపాలిటీలో నీళ్ళ పంపుల దగ్గర పని. మూడు గోల్స్ ముందున్నారు, పది నిమిషాలు దింపితే ఏటి పోతుంది అన్నాను.

"బయటి పిల్లలు ఆడతామని వచ్చేరు మేడమ్. మజ్జిలో తీసేస్తే వచ్చేడాది రారు."

"మరి మా పిల్లెందుకు వచ్చింది? బల్ల తుడవడానికా?"

ఆయన చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. కోపం లేదు ఆయన మొహంలో. దుర్మార్గుడై ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మీరు సదువుకున్నోరు, మీకు నేను సెప్పాలా? ఆ ఆరుగురూ లిస్టు కోసరం మేడమ్. గోల్ కీపరుతో కలిపి లోకల్ పిల్లలు ఏడుగురు నేకపోతే మనకి కప్పులో ఎంట్రీయే ఇవ్వరు."

"అయితే దింపరా?"

"లిస్టులో ఉండాలని రూలుంది. దింపాలని నేదు."

ఇంకా ఏదో అన్నాడు, కాగితం మీరే కదా తెచ్చి ఇచ్చేరు, నేను మీకు తెలుసనే అనుకున్నాను అని. వెనక జనం కూర్చోవమ్మా అని అరుస్తున్నారు. వచ్చి కూర్చున్నాను. నాలుగో గోలు ఎవరు కొట్టారో చూడలేదు.

మర్నాడు పిల్లను తీసుకుని రైలెక్కాను. తికిరి దాటాక, నిన్న కోచ్ ఏమన్నాడో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అది కిటికీలోంచి చూస్తూనే, నాకు తెల్సమ్మా అంది. పోయిన ఏడాది నుంచి తెలుసట. ఆరుగురికీ తెలుసట. అంతలో సొరంగం వచ్చింది. ఆ దారిలో ఒకదాని వెనక ఒకటి సొరంగాలు, లోపల ఎంత అరిచినా వినపడదు. వెలుగులోకి వచ్చేదాకా ఆగి, తెలిసీ ఎందుకు వెళ్ళేవే అని అడిగాను.

"ఎవలికైనా కాలు బెణికితే నన్ను దింపాల గదా."

మళ్ళీ సొరంగం. ఈసారి బయటికి వచ్చాక నేనేమీ అడగలేదు. అదే చెప్పింది.

"పెద్దమ్మింట్లో ఉన్న అక్కకే బెణకాలని మొక్కుకున్నానమ్మా. దానికి నా మంచం ఇచ్చి, కింద పడుకుని, రోజూ మొక్కుకున్నాను. అదేమో పొద్దున్నే లేచి నా బూట్లు కూడా తుడిచి పెట్టీది."

కాకిరిగుమ్మలో రైలు చాలాసేపు ఆగింది. టీ అమ్మేవాడు వచ్చి రెండుసార్లు అడిగి వెళ్ళిపోయాడు. మొక్కుకోవడం తప్పని చెప్పలేను, నేను కూడా గుళ్ళో అదే కోరుకున్నాను కాబట్టి. పేరు పెట్టి కోరుకోలేదు, అంతే తేడా.

ఆ వారమే అది జెర్సీ ఉతికి మడతపెట్టి నా చేతికిచ్చి, రాయగడలో అక్క చేత క్లబ్బుకు ఇప్పించేసింది. ఫైనల్‌కు వెళ్ళలేదు. దీన్నే వాళ్ళు మానేయడం అంటున్నారు. ఇప్పుడు కోరాపుట్‌లో డిగ్రీ రెండో ఏడాది. నాతోపాటే బస్సులో వస్తుంది, నాతోపాటే వెళుతుంది. టీవీలో ఆట వస్తే ఛానల్ మార్చదు, లేచి వంటింట్లోకి వెళుతుంది. మొన్నొక సాయంత్రం క్వార్టర్స్ రోడ్డు మీద పిల్లలు ఆడుతున్న బంతి దొర్లుకుంటూ సరిగ్గా దాని కాళ్ళ ముందుకు వచ్చింది. అది పక్కకు తప్పుకుని బంతికి దారి ఇచ్చింది. కాలువలో పడేదాకా చూస్తూ నిలబడింది. తరవాత చున్నీ సర్దుకుని నడిచింది.

ఏదో ఒకనాటికి ఆ బాధ పోతుందని మా ఆయన అంటాడు. పోవచ్చు. బాధ పోయాక దాని దగ్గర ఇంకేం మిగిలి ఉంటుందో నాకు తెలియదు. నా ఆశ అంతవరకు వెళ్ళడం లేదు.

ఈ చలికాలం అక్కను చూడటానికి రాయగడ వెళ్ళినప్పుడు కూరల బజారు దగ్గర కోచ్ ఎదురయ్యాడు. బండి ఆపి నమస్కారం పెట్టాడు. ఈ ఏడు అకాడమీలో కొత్తగా నలభై మంది పిల్లలు చేరారని, కొట్పాడ్ నుంచి కూడా వస్తున్నారని సంతోషంగా చెప్పాడు. పెద్ద టీములో ఎంతమంది ఊరిపిల్లలు ఆడుతున్నారని అడిగాను. గోల్ కీపరు ఉంది కదా మేడమ్ అన్నాడు. ఆ తరవాత, మీ అమ్మి లాగ ఎడం కాలితో కొట్టేవోలు మళ్ళీ నాకు దొరకనేదు అన్నాడు. ఊరికే మాట కోసం అన్నట్టు లేదు. కళ్ళల్లో నిజంగానే ఏదో కనిపించింది. అది చూసే నేను ఒక్క మాట అడిగాను. ఆయన పంపు విప్పే టైమైందని చెప్పి బండి స్టార్ట్ చేశాడు.

మళ్ళీ కనిపిస్తే మళ్ళీ అడుగుతాను. క్షమాపణ నాకు అక్కరలేదు. అవునన్నా నాకు నిద్ర పట్టదు, కాదన్నా పట్టదు. అయినా తెలియాలి. ఆరేళ్ళు పొద్దున్నే దాన్ని ఆ ఎర్రమట్టిలో పరిగెత్తించారు కదా, తప్పు చేస్తే తిట్టారు, బాగా కొడితే భుజం తట్టారు. ఆ ఆరేళ్ళలో ఒక్క రోజైనా, ఒక్క మ్యాచికైనా, ఈ పిల్లను దింపుదామని మీరు నిజంగా అనుకున్నారా?