మామ ఎర, అల్లుడి ఎర

మా మామ చెరువుకు పోవచ్చా, పోకూడదా తేల్చే పని నా మీద పడింది. నేను కిరాణా దుకాణం నడుపుకునేవాణ్ణి. మా నాన్నదీ అదే పని, మా తాతదీ అదే పని. పప్పులో పుచ్చు ఎంతుందో, బెల్లంలో మట్టి ఎంతుందో చూడగానే చెప్పగలను. పిల్లనిచ్చిన మామ కాళ్లలో పట్టు ఎంతుందో చెప్పడం మాత్రం మా వంశంలో ఎవరికీ అలవాటు లేదు.

మామ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి దమ్మపేటలో మా ఇంటికి వచ్చేశాడు. ఉద్యోగమంతా భూమి లోపల గడిపిన మనిషి కావడంతో, పొద్దున లేస్తే నెత్తి మీద ఆకాశం కనబడాలంటాడు. ఊరి బయట పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక చెరువుంది. గాలం కర్ర భుజాన వేసుకుని రోజూ అక్కడికి పోయేవాడు. చెరువు చేపల సంఘంవాళ్లది. గాలంతో కూర్చునే ముసలాయన వల్ల తమకొచ్చే నష్టమేమీ లేదని వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు.

వానాకాలంలో ఒకసారి గట్టు మీద జారి, మోకాలు వాచి, ఎవరిదో ట్రాక్టర్‌లో ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రమే మా ఆవిడ గాలం కర్రను అటక ఎక్కించింది. మర్నాటి నుంచి మామ దుకాణంలో నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

దానివల్ల నాకు కష్టం వచ్చింది. ఆయన గిరాకీల ముందు నిజాలు మాట్లాడతాడు. నేను కాంటా మీద కందిపప్పు పోస్తుంటే, "మొన్నటిది మంచిగుండె. ఇది జర తక్కువ రకం" అంటాడు. ఎవరైనా బేరమాడితే వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. "ఇయ్యరాదయ్యా, గంత అడుగుతుంటె" అంటాడు. కాబట్టి ఆయన మళ్లీ చెరువుకు పోవాలని ఆయన తర్వాత అంతగా కోరుకున్నది నేనే.

ఆయన కోరిక వేరే రకం. మనిషిలో మాట తగ్గింది. గిరాకీ లేనప్పుడు రోడ్డు వైపు కాకుండా రోడ్డవతల ఇళ్ల మీదుగా చూస్తూ కూర్చునేవాడు. ఒక సాయంత్రం కూతురిని అడిగేశాడు.

"బిడ్డా, ఒక్కసారి చెరువు కాడికి పంపియ్యి. పడ్డనంటె మల్ల అడుగ."

"పడ్డంక అడుగుడేంది నాయినా, దవాఖానాల ఉంటవ్" అంది మా ఆవిడ. కాసేపు ఆలోచించి నా వైపు తిరిగింది. "ఆదివారం నువ్వు ఎంబడి పో. గట్టు మీద ఎట్ల నడుస్తుండో, ఎట్ల లేస్తుండో చూడు. చేతనైతదంటె పోనిస్త. కాదంటె ఆ కర్ర నీళ్లపొయ్యిల పెడత."

"నాకేం తెలుస్తుందే?"

"సరుకు మంచిదో కాదో చూసుడు నీ పనే గదా."

తండ్రిని సరుకు అనేసింది. మామ నా ముఖం వైపు చూశాడు.

శనివారం ఇద్దరం ఎవరి ఎర వాళ్లం తయారు చేసుకున్నాం. మామ తవుడు వేయించాడు. వేరుశనగ చెక్క దంచాడు. నానబెట్టిన ఇప్పపువ్వు రుబ్బి అందులో కలిపాడు. ఉప్పు కోసం, సబ్బుల కోసం అడవి పల్లె నుంచి మా దుకాణానికి వచ్చే ఒక కోయ అవ్వ ఆ పువ్వు ఇచ్చింది. నానిన ఇప్పపువ్వు వాసనకు మా ఆవిడ ఇల్లంతా అగరుబత్తులు వెలిగించింది. దాంతో ఇంట్లో రెండు వాసనలయ్యాయి.

నా ఎరకు నేను పైసా ఖర్చు పెట్టలేదు. విరిగిన బిస్కెట్లు, పురుగు పట్టిన మైదా, వేయించిన శనగపిండి, సువాసన పోయిన యాలకులు, ఎవరూ కొనని వెనిలా ఎసెన్స్ సీసా. అన్నీ కలిపి ముద్ద చేశాను. ముద్ద బాగా కుదిరింది. నాకే ఒక ముక్క తినాలనిపించింది.

"మనుషులు వద్దన్నయి చేపలకు పెడతవా?" అన్నాడు మామ.

"చేపలు బేరమాడవు కదా మామా."

ఇది పనిచేస్తే చిన్న చిన్న పొట్లాలు కట్టి, దుకాణం ముందు షాంపూ పాకెట్ల పక్కన వేలాడదీద్దామని నా ఆలోచన. ఆదివారాలు గాలాలు పట్టుకుని సత్తుపల్లి వైపు నుంచి కుర్రాళ్లు బాగానే వస్తారు. పాకెట్ మీద ఏ బొమ్మ వేయించాలో కూడా రాత్రి పడుకునే ముందు అనుకున్నాను.

ఆదివారం ఎండ బాగా పొడిచాక నా బండి మీద చెరువు చేరాం. గట్టు మీద మామ ముందు, నేను వెనక. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. పోలీసు సెలక్షన్‌లో నడిచేవాడిలా ఛాతీ విరుచుకుని నడిచాడు.

"ఏంది, ఎనకనుంచి కొలుస్తున్నవా?"

"చూడమంది కదా మామా."

"ముందుకొచ్చి నడువు. జారితె మెత్తగ నీ మీద పడత."

ఆయన నీళ్ల అంచున పెరిగిన తూటి కాడల పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. రేగుపండంత ఉండ చేసి గాలానికి గుచ్చి నీళ్లలోకి వదిలాడు. అంతే, ఇక కదల్లేదు. నేను ఆయన పాత గాలం ఒకటి తీసుకుని, నా ముద్దలోంచి ముక్క గుచ్చి వదిలి, ఆ పక్కనే కూర్చుని మా ఇంటి పద్ధతి మొదలుపెట్టాను. కొత్త గిరాకీ వస్తే మేం ముందు పిడికెడు పల్లీలు చేతిలో పోసి తిని చూడమంటాం. తిన్న మొహమాటానికైనా అరకిలో కొంటారు. అందుకని నా ముద్దలోంచి పిడికెళ్లు తీసి నీళ్లలో చల్లాను. కాసేపటికి నీళ్ల మీదికి బుడగలు వచ్చాయి. హుషారొచ్చి ఇంకా చల్లాను.

"ఎందుకయ్యా గట్ల పారబోస్తున్నవ్?"

"శాంపిల్ మామా."

"కడుపు నిండ శాంపిల్ పెడితె ఇగ కొనేదెవడు?"

నేను నవ్వేశాను. వ్యాపారం తెలియని మనిషి అనుకున్నాను. నా ముందు నీళ్లు ఉడుకుతున్న పప్పులా కదిలాయి. తోకలు తిరిగాయి. బంగారుతీగ చేపలు అయి ఉంటాయి, ఎర్రటి వీపులు కనబడ్డాయి. చెరువంతా బేకరీ వాసన. చల్లిందంతా తిన్నాయి. గాలానికి ఉన్న ముక్కను మాత్రం ముట్టుకోలేదు. నా బెండు నీళ్ల మీద అలాగే నిలబడి ఉంది. చేపకు మొహమాటం ఉండదు. ఈ సంగతి మా నాన్నకు కూడా తెలిసి ఉండదు.

అంతలో మామ బెండు మునిగింది.

ఆయన లేచి నిలబడ్డ తీరు చూసి, ఇంటికి పోయి ఏం చెప్పాలో అప్పుడే ఖాయం చేసుకున్నాను. ఎవరి చెయ్యీ పట్టకుండా, మోకాలి మీద చెయ్యి ఆనించకుండా లేచాడు. దారం వదిలాడు, లాగాడు, మళ్లీ వదిలాడు. పెద్ద బొచ్చె చేప. దాని తల ఒకసారి పైకి వచ్చి, మమ్మల్ని చూసి, ఇష్టం లేనట్టు లోపలికి పోయింది. దానితోపాటు మామ రెండు అడుగులు పక్కకు వేశాడు. రెండో అడుగు బురదలోకి దిగింది. మామ నడుం దాకా నీళ్లలో కూర్చుండిపోయాడు.

అప్పుడు పట్టుకోవడానికి నా ముందు రెండున్నాయి. ఒకటి మామ. రెండోది ఆయన చేతిలోంచి జారిపోతున్న కర్ర. నేను కర్ర పట్టుకున్నాను. ఆలోచించి చేసింది కాదు. దుకాణంలో పెరిగిన చెయ్యి అది. ఏదైనా పడుతుంటే ముందు సరుకు మీదికి పోతుంది.

"గుంజకు, తెగుతది! ఇటియ్యి!" అని మామ నీళ్లలోంచే అరిచాడు. తూటి కాడలు పట్టుకుని తనే లేచాడు. నా చేతిలోంచి కర్ర లాక్కుని, మోకాలి లోతు బురదలో నిలబడి ఆ బొచ్చెను ఒడ్డుకు తెచ్చాడు. నేను సంచి మూతి విప్పి పట్టుకున్నాను. ఆయన గాలం తీసి, రెండు చేతులతో దాన్ని నీళ్లలోకి వదిలేశాడు.

"మామా! బోణీ! బోణీ బేరం ఎవరైనా వాపసు చేస్తారా?"

"మొదటిది గంగమ్మది."

"మా దుకాణంలో మొదటి గిరాకీని వదిలితే రోజంతా మట్టే."

"గిది దుకాణం కాదు."

"కనీసం ఇంట్లో చూపించడానికైనా ఉండేది."

"నీ పెండ్లాం చేపను చూడదయ్యా. నా తడిసిన పాయింటు చూస్తది" అన్నాడు.

తర్వాత ఒక్కటీ పడలేదు. చుట్టుపక్కల చేపలన్నీ నా బిస్కెట్లు తిని పడుకున్నట్టున్నాయి.

తిరిగి వస్తూ పామాయిల్ తోట పక్కన బండి ఆపించాడు. పాయింటు ఆరాలన్నాడు. ఎండలో ఒక రాయి మీద కూర్చున్నాక నెమ్మదిగా అడిగాడు.

"పడ్డనని చెప్తవా?"

బేరానికి ఇంతకంటే మంచి సమయం నాకు దొరకదు. "చెప్పను మామా. కాలు తడుపుకున్నాడంటాను. కానీ మీరు కూడా ఒకటి చెయ్యాలి. చెరువు లేని పూట దుకాణంలో కూర్చున్నప్పుడు, సరుకు గురించి గిరాకీల ముందు మాట్లాడొద్దు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. వేళ్లతో పాయింటు మీది బురద గీకుతూ కూర్చున్నాడు.

"ఆ కందిపప్పు తక్కువ రకమే గదా?"

"తక్కువ రకమే."

"మరి అడిగితె ఎట్ల ఊకుంట?" లేచి నిలబడ్డాడు. "పడ్డననే చెప్పు. నడువు."

మళ్లీ బండెక్కాం. గాలం కర్ర నీళ్లపొయ్యిలోకి పోతుందని ఆయనకు తెలుసు. బండి మీద నా వెనక కూర్చుని దాన్ని నిటారుగా పట్టుకున్నాడు.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. పాయింటు చూసింది.

"పడ్డడా?"

"పడ్డాడు" అన్నాను. "లేచాడు."

"నువ్వు లేపినవా?"

"లేదు. నేను కర్ర పట్టుకున్నా."

ఆవిడ నన్ను చూసిన చూపును నేను ఇక్కడ రాయలేను.

"మా నాయిన నీళ్లల్ల పడితె నువ్వు కర్ర పట్టుకున్నవా?"

"ఆయిన పట్టకపోతె కర్ర పోతుండె బిడ్డా" అన్నాడు మామ, నాకు సాయంగా. దాంతో నా పని ఇంకా పాడైంది.

ఆవిడ తండ్రి ముందు కింద కూర్చుని మోకాలు నొక్కి చూసింది.

"నొస్తుందా?"

"జర నొస్తుంది."

"ఎవ్వలు పట్టకుండనే లేసినవా?"

"అవ్. పట్టెటందుకు ఎవ్వలున్నరు?"

ఆవిడ లేచింది. కర్ర వైపు చూసింది, నా వైపు చూసింది. ఏది పొయ్యిలోకి పోతుందో కాసేపు నాకు అర్థం కాలేదు.

"రేపటి సంది పో నాయినా. నీళ్ల అంచుకు పోకు, గట్టు మీదనే కూసో. ఫోన్ జేబుల పెట్టుకో" అంది. "గని ఒక్కడివే పో. ఈయినను మాత్రం ఎంబడి తోలుకపోకు. పడితె నిన్ను పట్టడు."

మామ తల ఊపి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లి బట్టలు మార్చుకున్నాడు. మా ఆవిడ బురద పాయింటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గిదన్న గట్టిగ పట్టుకో" అంది.

నేను బోరింగు దగ్గరికి పోయి ఉతకడం మొదలుపెట్టాను.