ముందు సీటులో కొత్త మనిషి

మురళీకృష్ణ ఏదో దాస్తున్నాడని ప్రభుకు ముందుగా చెప్పినవి మురళి కాళ్లే.

వాళ్లిద్దరూ తొక్కేది జంట సైకిల్. ముందు సీటు మురళిది, వెనక సీటు ప్రభుది. హ్యాండిల్, బ్రేకులు, గేర్లు ముందువాడి చేతుల్లో ఉంటాయి. వెనకవాడికి పెడళ్లు తప్ప మరేమీ ఉండవు. అయితే రెండు జతల పెడళ్లనూ ఒకే గొలుసు కలిపి ఉంచుతుంది. ఒకరు తొక్కితే రెండోవాడి కాళ్లు తిరగాల్సిందే, ఒకరు ఆగితే ఇద్దరూ ఆగాల్సిందే. నాలుగేళ్లుగా ఆ గొలుసు మీదుగా మురళి ఆకలి, కోపం, నిద్ర చాలకపోవడం అన్నీ ప్రభు అరికాళ్లకు తెలుస్తూనే ఉన్నాయి. ఆ నవంబరులో మాత్రం కొత్తదేదో వచ్చి చేరింది. పాల్వంచ దాటి అడవి గాలి తగిలే చోట, బాగా తొక్కుతున్న మురళి ఉన్నట్టుండి సగం చుట్టు వదిలేసేవాడు, ఏదో చెప్పబోయి మింగేసిన మనిషిలా.

ప్రభుకు చూపు లేదు. పదిహేనో ఏట మసకబారడం మొదలై, ఇంటర్ పరీక్షల నాటికి పూర్తిగా పోయింది. తండ్రి సవరయ్య కొత్తగూడెం బొగ్గు బాయిలో పని చేసి రిటైరైన మనిషి. లోపల దీపం ఆరిపోతే గోడ పట్టుకుని ఎలా నడిచేవారో అలాగే కొడుక్కి క్వార్టర్సులో నడక నేర్పించాడు. తర్వాత హైదరాబాదులో చదువు, అక్కడే ఎవరో సరదాగా జంట సైకిల్ ఎక్కించడం, ఆపైన కొత్తగూడెంలో బ్యాంకు ఉద్యోగం. బ్యాంకులో ఫోన్లు తీసుకుని ఎవరి మాట ఎవరికి చేరాలో వాళ్లకు కలపడం అతని పని. తెల్లవారాక రెండు మూడు గంటలు సైకిల్, ఆ తర్వాత బ్యాంకు. భార్య హెప్సిబా దవాఖానాలో నర్సు.

ప్రభును, మురళిని జంటగా కూర్చినది హైదరాబాదులోని ఒక సైక్లింగ్ టీమ్. జీతాలిచ్చి రైడర్లను పెట్టుకుని దేశమంతా పోటీలకు పంపుతుంది. అందులో చూపులేని వాళ్ల విభాగానికి ఒక జంట ఉండేది. మురళిది ముదిగొండ, మిర్చి పండించే ఇల్లు. మంచి మాటకారి. సైకిల్ ఎక్కాడంటే దారినంతా నోటితో పరిచేవాడు. "ఎడమకు వంపు", "గుంత", "బొగ్గు లారీ, ఆగు", "ఇగ తొక్కు" అని చెప్పడం అతని డ్యూటీ. దాంతోపాటు రోడ్డు పక్కన ఎవరు ఏం ఆరబోశారో, ఏ మేక ఎటు పోతోందో కూడా చెప్పేవాడు. ప్రభుకు ఆ దారి ఎంత తెలుసో, అందులో సగం మురళి గొంతులోనే తెలుసు.

దీపావళి దాటాక టీమ్‌లన్నీ మరుసటి సీజన్‌కు రైడర్లను మాట్లాడుకుంటాయి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం భద్రాచలం వంతెన దాటి టీ కోసం ఆగారు. గోదావరి మీది గాలికి చెమట ఆరిపోతోంది. ప్రభు గ్లాసు అందుకుని, తాగకుండానే అడిగాడు.

"ఏందో చెప్పు మురళీ. పది రోజులాయె, కాళ్లల్ల పెట్టుకుని తిరుగుతున్నవు."

మురళి తన టీ సగం తాగేశాడు. తర్వాత చెప్పాడు. పుణె టీమ్ వాళ్లు పిలిచారు. ఒంటరిగా తొక్కే రైడర్‌గా తీసుకుంటామన్నారు. పెద్ద పోటీలు, విదేశాల్లో శిక్షణ. అతనికి ఇరవై ఎనిమిది నిండుతున్నాయి. ఇప్పుడు కాకపోతే మరెవరూ పిలవరు.

"నీకు ఎవర్నన్న చూసిపెట్టినంకనే పోతనన్నా," అన్నాడు చివరికి.

"సీజన్ నీ కోసం ఆగుతదా? పోయి సంతకం పెట్టు," అన్నాడు ప్రభు. గొంతు మామూలుగానే వచ్చింది. తిరుగు ప్రయాణంలో మురళి దారి చెబుతూనే ఉన్నాడు గానీ, మేకల సంగతి ఎత్తలేదు.

మురళి వెళ్లిన వారం ప్రభు సైకిల్ ముట్టుకోలేదు. నడుం పట్టేసిందని ఇంట్లో చెప్పాడు. హెప్సిబా రెండు రోజులు నూనె రాసి, మూడో రోజు సీసాకు మూత బిగించేసింది.

"ఇది నడుం నొప్పి కాదు. మనిషి పోయిండని బాధ. బాధపడు, తప్పు లేదు. కానీ నడుం మీదికి నెట్టకు," అంది.

ప్రభు నవ్వలేదు. కానీ మరునాడు బ్యాంకు నుంచే టీమ్ మేనేజర్ వెంకటకృష్ణకు ఫోన్ చేశాడు. వెంకటకృష్ణ సత్తుపల్లి మనిషి, ఒకప్పుడు తానూ రైడరే. ఉన్నదున్నట్టు చెప్పాడు. నెలాఖరులోగా ముందు సీటుకు మనిషి కుదరకపోతే వచ్చే సీజన్‌కు జంట సైకిల్ ఉండదు, ఆ చోటు వేరే ఊరి జంటకు పోతుంది. తనకూ ఇష్టం లేదు, కానీ పైవాళ్లు ఆగరు. కొత్తగూడెంలోనే కొత్త రైడర్లకు ట్రయల్స్ పెడుతున్నామని, ప్రభును కూడా రమ్మన్నాడు.

ట్రయల్స్‌కు చాలామందే వచ్చారు. అందరికీ ఒంటరి సైకిలే కావాలి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకతను మాత్రం ముందు సీటు ఎక్కి చూశాడు. గడగడా మాట్లాడాడు గానీ, వెనక ఒక మనిషి ఉన్నాడన్న గుర్తు అతని కాళ్లకు లేదు. దిగాక, ఇది తన వల్ల కాదని తనే చెప్పి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ప్రభు టెంటు కింద మజ్జిగ తాగుతుంటే, వెంకటకృష్ణ ఇంకొకరితో మాట్లాడటం వినిపించింది. టేకులపల్లి నుంచి నాగచైతన్య అనే కుర్రాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు, వాళ్లన్న టైర్ల షాపులో పని. ఎత్తుల మీద అందరికంటే బాగా తొక్కాడు గానీ, చివరి పరుగులో వెనకబడ్డాడు. ఒంటరి సైకిలుకు చాలడు. ముందు సీటుకు ఆ కాళ్లు సరిగ్గా సరిపోయేవి, కానీ నత్తి. పేరు చెప్పడానికే అంతసేపు పట్టింది, ఇక దారేం చెబుతాడు?

ప్రభు గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కసారి నాతోటి తొక్కనీయండి," అన్నాడు.

వెంకటకృష్ణకు ఇష్టం లేదు. పడితే ఎవరిది బాధ్యత అన్నాడు. ప్రభు తనదేనన్నాడు. ఎందుకు అడిగాడో అప్పటికి అతనికే స్పష్టంగా తెలియదు. ఫోన్‌లో మాట తడబడే మనుషులు బ్యాంకులో రోజూ తగులుతారు. వాళ్లు చెప్పడం పూర్తయ్యే దాకా ఆగడం అతనికి అలవాటు. బహుశా అందుకే కావచ్చు.

టేకులపల్లి రోడ్డు మీద బయలుదేరారు. మొదటి మైలులోనే ప్రభుకు ఒళ్లు తేలికపడింది. ఈ కుర్రాడి తొక్కుడు మురళిది లాంటిది కాదు. మురళి ముందుకు లాగేవాడు. ఇతను కింది నుంచి ఎత్తుతున్నట్టు, చుట్టు మొత్తం ఒకే బలంతో తిప్పుతున్నాడు. ఊరు దాటారు. ఒకచోట పత్తి లారీ ఎదురొచ్చింది. "లా... లా..." అని నాగచైతన్య పెనుగులాడుతుండగానే లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయింది. ఇంకాస్త దూరంలో ఒక గూడెం దగ్గర స్పీడు బ్రేకర్ ఉంది. ఆ మాట అతని నోట్లోనే ఇరుక్కుంది. సైకిల్ ఎగిరి పడింది. ప్రభు నాలుక కొరుక్కున్నాడు, వెనక ట్యూబు పగిలింది. ఎలాగో పడిపోకుండా నాగచైతన్య పక్కకు తీసి ఆపాడు.

ఆ తర్వాత ప్రభుకు వినబడినవి రెండే. సైకిల్‌ను చెట్టుకు ఆనించిన శబ్దం, అతను దూరంగా వెళ్లి కూర్చున్న ఎండుటాకుల శబ్దం మాత్రమే. ప్రభు నోట్లో రక్తం ఉమ్మేసి, చేతులు చాపుకుంటూ ఆ ఆకుల చప్పుడు వైపే నడిచి పక్కన కూర్చున్నాడు.

"సా... సారీ అన్నా. నే... నేను ముం... ముందే చెప్పిన, నా తో... నాతోటి కాదని."

"అది సరే గానీ, బ్రేకర్ కనబడంగనే నీ కాళ్లు ఏం చేసినయ్?"

నాగచైతన్యకు ప్రశ్న అర్థం కాలేదు. ప్రభు మళ్లీ చెప్పాడు. "ఎగిరి పడక ముందే నువ్వు చిన్నగ బిగబట్టినవు. నా పాదాలకు తెలిసింది. కానీ నేను నోటి మాట కోసం చూస్తున్న. నాలుగేండ్లు నోటితోటి చెప్పించుకున్న అలవాటు నాది. తప్పు నీ ఒక్కనిదే కాదు."

కుర్రాడు చేతులు దులుపుకున్నాడు. కాసేపయ్యాక లేచి ట్యూబు మార్చడం మొదలుపెట్టాడు. టైర్ల షాపు చేతులు, పని క్షణాల్లో అయిపోయింది. బయలుదేరే ముందు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. గుంతైనా, బ్రేకరైనా, పెడలును ఒక్కసారి బిగబట్టి వదలాలి. ఎడమకు తిరగాలంటే నాలుకతో ఒక టక్కు, కుడికైతే రెండు. వాళ్లింట్లో బర్రెలున్నాయి. వాటిని మళ్లించడానికి చేసే చప్పుడు కాబట్టి అతని నోటికి అది తడుముకోకుండా వస్తుంది. ఆగాలంటే పళ్ల సందున గాలి వదలాలి.

తిరుగుదారిలో రెండుసార్లు పొరపాటు జరిగింది. ఒకసారి అతను చెమట తుడుచుకోవడానికి ఆగితే, ప్రభు గుంత అనుకుని సీటు మీంచి లేచాడు. ముందు నుంచి నవ్వు వినిపించింది. ఆ కుర్రాడు నవ్వడం ప్రభు వినడం అదే మొదటిసారి. నవ్వులో నత్తి లేదు.

వాళ్లు పది రోజులు రోజూ తొక్కారు. నెలాఖరున వెంకటకృష్ణ మోటారు సైకిల్ మీద వెనకే వచ్చి చూశాడు. కావాలనే వాళ్లను పాల్వంచ వైపు, బొగ్గు లారీల రద్దీ ఎక్కువగా ఉండే వేళకు తీసుకెళ్లాడు. థర్మల్ విద్యుత్ కేంద్రం హోరులో నాలుక చప్పుడు వినబడదేమోనని ప్రభుకు లోపల గుబులుగానే ఉంది. వినబడింది. వినబడని చోట కాళ్లు చెప్పాయి. అడవి మొదలైన దగ్గర ఆపి దిగాక వెంకటకృష్ణ హెల్మెట్ తీసి వాళ్ల దగ్గరకు నడిచాడు.

"ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు కదండీ. నాకే భయమేసింది," అన్నాడు.

"మాట్లాడుకుంటనే వచ్చినం సార్," అన్నాడు ప్రభు.

వెంకటకృష్ణ అయినా వెంటనే ఒప్పుకోలేదు. ఇక్కడి రోడ్డు వేరు, పోటీలో పక్కన నలుగురు అరుస్తుంటారు, అప్పుడెలా అని అడిగాడు. అది ప్రభుకూ తెలియదు. తెలియదనే చెప్పాడు. నాగచైతన్య ఏదో చెప్పబోయాడు. వెంకటకృష్ణ తొందరపెట్టకుండా ఆగాడు. "ఒ... ఒక్క సీ... సీజన్ చూ... చూడండి సార్," అన్నాడు కుర్రాడు. ఒక్క సీజన్‌కే తీసుకున్నారు.

హైదరాబాదులో టీమ్ ఆఫీసుకు హెప్సిబా కూడా వెంట వెళ్లింది. కొత్త రైడర్లందరికీ జెర్సీలిచ్చి ఫోటోలు తీశారు. సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించింది హెప్సిబానే. పక్కన నాగచైతన్య జెర్సీ మడతలు పదేపదే విప్పి మళ్లీ పెడుతున్న చప్పుడు వింటూ ప్రభు సంతకం పెట్టాడు.

ఆ చలికాలం చివర మురళి పుణె నుంచి ఫోన్ చేశాడు. మొదటి పోటీలో వెనక గుంపుతో పూర్తి చేశాడట. కొత్త టీమ్ వాళ్లు అతన్ని చూసి నవ్వుతున్నారట. ఒంటరిగా తొక్కుతూ కూడా "గుంత", "వంపు" అని అరుస్తున్నాడట. నోరు మూసుకోవడం ఎంత కష్టమో నీకు తెలియదన్నా అని వాపోయాడు. ప్రభు పడీపడీ నవ్వాడు. తర్వాత, అడగకముందే, కొత్త కుర్రాడి గురించి చెప్పాడు. మురళి అంతా విని, "మంచిగ తొక్కుతడా?" అని ఒక్కటే అడిగాడు. "మంచిగ తొక్కుతడు," అన్నాడు ప్రభు. ఆ మాట చెప్పగలిగినందుకు అతనికి తేలిగ్గా అనిపించింది.

జాతీయ పోటీల్లో వాళ్లు నాలుగో స్థానంలో వచ్చారు. చివరి మలుపులో జనం కేకలకు నాలుక చప్పుడు వినబడలేదు. సైకిల్ వాలిన తర్వాత గానీ ప్రభు వాలలేదు, ఆ తడబాటులో మూడో చోటు చేజారింది. దాంతో మలుపులకు పెడలు మీద మడమతో ఒక చిన్న తన్ను కలుపుకున్నారు. వేసవిలో జరిగిన రెండో పోటీలో కాంస్య పతకం వచ్చింది. వెంకటకృష్ణ మరో సీజన్ సంగతి తనే ఎత్తాడు. సవరయ్య ఆ పతకాన్ని చర్చికి తీసుకెళ్లి అందరికీ చూపించుకొచ్చాడు.

వానలు మొదలైన ఒక ఉదయం పాల్వంచ దాటాక జల్లు పట్టుకుంటే, రోడ్డు పక్క రేకుల హోటల్ కింద ఆగారు. ఇద్దరే గిరాకీలు. రేకుల మీద వాన దబదబా కొడుతోంది. నాగచైతన్య టీ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుని, ఏమీ అడగకుండానే మాట మొదలుపెట్టాడు. సైకిల్ గురించి కాదు. వాళ్లమ్మ గురించి. చిన్నప్పుడు బడిలో పాఠం చదవమంటే నోరు పెగలక ఇంటికి పారిపోయి వస్తే, ఆమె తిట్టకుండా బర్రెల దగ్గరకు తీసుకెళ్లి, వీటితో మాట్లాడు, ఇవి తొందరపెట్టవు అందట. ఆ కథ చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మాట దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ మొదలై, ఒకచోట తనకే నవ్వొచ్చి సాగింది. ప్రభు ఎక్కడా మాట అందించలేదు. వాన తగ్గింది. హోటల్ మనిషి రెండుసార్లు వచ్చి ఇంకేమైనా కావాలా అని అడిగి వెళ్లాడు. బ్యాంకుకు ఆలస్యమవుతుందని ప్రభుకు తెలుసు.

"తర్వాత?" అన్నాడు.